తోట వెనక ఆగిన బండి

మొన్న పొద్దున మా పక్కింటి కుర్రాడు ఎక్కడినుంచో ఒక పాత మోటారుసైకిల్ తెచ్చి వీధిలో స్టార్ట్ చేయడం మొదలుపెట్టాడు. కిక్కు కొడతాడు, అది రెండుసార్లు దగ్గి ఊరుకుంటుంది. మళ్ళీ కొడతాడు, మళ్ళీ అంతే. నేను పొయ్యి మీద పప్పు పెట్టి, కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్క మరిచిపోయి, చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాను. పప్పు కాస్తా మాడింది. మా ఆయన పేపరు దించి నా మొహం చూసి, సంగతి అర్థమై నవ్వారు. ఆయనకేం, నవ్వుతారు. ఆ రోజు బండి మీద ఉన్నది ఆయన.

అవి ఎనభైల మొదటి రోజులు. నేను నూజివీడు కోడలిగా వచ్చాక రెండో చలికాలం. మాది మామిడికాయల వ్యాపారం. చెట్లు పూత మీద ఉండగానే తోటలు కొనేసి, ఆ పూత నిలుస్తుందో మంచుకి మాడుతుందోనని కాయ దిగేదాకా కంటి మీద కునుకు లేకుండా గడిపే మనిషి మా మామగారు. ఆయన ఒక్కగానొక్క కొడుక్కేమో మామిడికన్నా ఇనుము మీద ప్రేమ ఎక్కువ. బెజవాడలో ఎవరో మూలన పడేసిన మోటారుసైకిల్ని ముక్కలుగా గోనెసంచుల్లో పట్టుకొచ్చి, మా కాయల షెడ్డులో పరిచారు. పళ్ళు మాగబెట్టే గంపల్లో గడ్డి, ఆ గడ్డి మీద గేర్లు, బోల్టులు, చైను. మా అత్తగారు కిరసనాయిలు కంపు కొట్టే ఆ గంపల్ని చూసి, "కాయలు మాగుతాయిగానీ ఇనుము కూడా మాగుద్దంట్రా?" అనేవారు. మామగారు మాత్రం అటు కన్నెత్తి చూసేవారు కాదు. గంప దారికి అడ్డంగా ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

నెలల తరబడి కుస్తీ పట్టాక బండి నిలబడింది. ఒక బోల్టు మిగిలింది. "ఇదెక్కడిదండీ?" అని అడిగితే, "ఎక్స్‌ట్రా" అన్నారు మా ఆయన. అదెక్కడిదో ఇప్పటికీ తేలలేదు. సరిగ్గా అప్పుడే బెజవాడ కుర్రాళ్ళు కొందరు, విస్సన్నపేట రోడ్డులో ఒక తోట చుట్టూ ఉన్న బీడులో సున్నంతో గీతలు గీసి, ఆదివారం ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని తోలుకోవచ్చని కబురు చేశారు. "పందెం కాదు, బండి ఎంత పరిగెడుతుందో చూసుకోడమే" అన్నారీయన. ఎంత పరిగెడుతుందో ఎవరిక్కావాలి, ఆగమంటే ఆగుతుందా అన్నది నా బెంగ. బ్రేకులు ఆయన సొంత చేతులతో బిగించినవి. ఆ చేతులతోనే బిగించిన మా పెరట్లో కుళాయి అప్పటికి రెండుసార్లు ఊడొచ్చింది.

ఆ ఆదివారం మంచు దట్టంగా కురిసింది. మామగారు తెల్లారగానే మఫ్లరు చుట్టుకుని, పూత చూసొస్తానని విస్సన్నపేట బస్సెక్కి వెళ్ళిపోయారు. కొడుక్కి జాగ్రత్త అని ఒక్క మాటైనా చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పూత మీద ఉన్నపాటి ప్రేమ కొడుకు మీద లేదా ఈయనకి అనుకున్నాను. బండి స్టార్ట్ కాకూడదని దేవుడి గదిలో నిలబడి మొక్కుకున్నాను. ఒక్క కిక్కుకే స్టార్టయింది. మా ఆయన ముందు వెళ్ళారు, అత్తగారూ నేనూ తర్వాత బస్సులో వెళ్ళాం.

పది బండ్ల దాకా వచ్చాయి. బాట మా ముందునుంచి మొదలై, తోట వెనగ్గా తిరిగి, మళ్ళీ మా ముందుకి వస్తుంది. తోట వెనక్కి వెళ్తే బండి కనపడదు, చప్పుడొక్కటే. మా బండి చప్పుడు నేను ఎన్నింట్లోనైనా గుర్తుపట్టగలను. జలుబు చేసిన గొంతులా గరగరమనేది. పూత వాసనా పెట్రోలు వాసనా కలిసిన ఆ గాలిలో, మిగిలిన ఆ బోల్టు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి చుట్టు తిరిగి వచ్చారు. వచ్చినాయన ఊరుకోక మాకు చెయ్యి కూడా ఊపారు. రెండో చుట్టూ అయింది. మూడోసారి తోట వెనక్కి వెళ్ళారు. గరగర వినిపిస్తూనే ఉంది, ఉన్నట్టుండి ఆగిపోయింది.

మిగతా బండ్లన్నీ ఒక్కొక్కటే వచ్చేస్తున్నాయి, ఆయనది రాలేదు. "పెట్రోలు అయిపోయుంటదిలే" అంటూ అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. గుప్పిట్లో ఉన్న బోల్టు ముందు చక్రానిదేనని అప్పుడు రూఢి అయిపోయింది నాకు. చక్రం ఊడిపోవడం, ఆయన పడిపోవడం, నలుగురూ మంచం మీద మోసుకురావడం అన్నీ కళ్ళ ముందు కనపడ్డాయి. చచ్చేంత భయమేసింది. అలా ఎంతసేపు ఉన్నానో. అప్పుడు ఒక దగ్గు, ఇంకో దగ్గు, ఆ వెంటే గరగర. తోట మలుపులోంచి బండి వచ్చింది. దాని మీద మా ఆయన, నిక్షేపంలా. కాసేపటికి అదే మలుపులోంచి, పంచె ఎగ్గట్టుకుని, రొప్పుకుంటూ నడిచొస్తూ మా మామగారు.

జరిగింది ఏంటంటే, ఆయన విస్సన్నపేట దాకా వెళ్ళనే లేదు. దారిలోనే దిగి, ఎవరి కంటా పడకుండా తోట వెనక చెట్టు చాటున నిలబడ్డారు. మూడో చుట్టులో ఎందుకో రెండడుగులు ముందుకొచ్చారు. మా ఇంట్లో తండ్రి బజార్లో ఎదురుపడితే కొడుకు సైకిలైనా స్కూటరైనా దిగి నిలబడతాడు. ఎవరూ చెప్పింది కాదు, ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్న అలవాటు. మా ఆయన తండ్రిని చూశారు. ఎక్కడున్నదీ, ఎంత వేగంలో ఉన్నదీ మరిచిపోయి, బ్రేకులు రెండూ వేసేసి, బండి దిగి తల వంచుకుని నిలబడ్డారు. వెనక వస్తున్నవాళ్ళు తిట్టుకుంటూ తప్పుకుపోయారు.

"దిగావేంట్రా?" అన్నారట మామగారు.

"మీరున్నారనండీ" అన్నారట ఈయన.

"ఎక్కు" అన్నారట. ఎక్కితే అది స్టార్ట్ కాదు. కిక్కు కొట్టి కొట్టి ఈయన అలిసిపోతే, ఎవరి ముందూ వంగి ఎరగని ఆ మనిషి నడుం వంచి వెనకనుంచి తోశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అత్తగారు మామగారి పంచెకంటిన నల్ల మరకలు చూసి, సబ్బుకి వదలవని ఒకటే గొణుగుడు. నేను ఉండబట్టలేక, "పూత చూడ్డానికి వెళ్ళారనుకున్నామండీ మామయ్యగారూ" అన్నాను. ఆయన కిటికీలోంచి తోటలవైపు చూస్తూ, "పూత పోతే మళ్ళీ ఏటికి వస్తదమ్మాయ్" అన్నారు. నేను కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాను.

బండి ఆగింది కాసేపేనంటారు మా ఆయన. నిజమే అయ్యుంటుంది. ఇన్నేళ్ళ కాపురం ఎప్పుడు గడిచిపోయిందో నాకు తెలియలేదుగానీ, ఆ కాసేపు మాత్రం ఇంకా పూర్తిగా గడవలేదు.