ఏరియేటర్లు తిప్పించిన కపాలభాతి

ఆకివీడు దగ్గర స్నేహితుడి చేపల చెరువు చూడ్డానికి వెళ్లి, తెల్లవారుజామున మంచులో గట్టు మీద కూర్చుని కపాలభాతి చేస్తున్నాను. ముక్కుతో బుస్సు బుస్సుమని ఊపిరి వదులుతుంటే, ఉన్నట్టుండి చెరువు నీళ్లకు గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఎగిరిన నీళ్లకు నిలువునా తడిసిపోయాను.

కాపలా ఉండే సత్యం గారు టార్చిలైటుతో పరుగెత్తుకొచ్చారు.

"మీరాండీ! ఆ బుస్సుబుస్సు విని, ఆక్సిజన్ చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయనుకుని ఏరియేటర్లు వేసేశానండీ. చెరువంతా పోయిందని హడలిపోయాను!"

నవ్వు ఆగాక ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం చూపించాను. కాసేపటికి ఆయనా కళ్లు మూసుకుని నాతోపాటు ఊపిరి తీసి వదలసాగారు.

"ఇన్నేళ్లుగా చేపల ఊపిరే కనిపెట్టుకుని ఉన్నానండీ. నాకూ ఒకటుందని ఇవాళే చూశాను," అన్నారు. మళ్లీ ఇద్దరం పగలబడి నవ్వాం.

మర్నాడు వెళ్లేసరికి, ఆయన నలుగురు పనివాళ్లతో గట్టు మీద బాసింపట్టు వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఏరియేటర్లు అప్పటికే జోరుగా తిరుగుతున్నాయి.

"ఇంతమందిమి పీల్చేస్తే చేపలకి చాలదేమోనని ముందే వేసేశామండీ," అన్నారు సత్యం గారు. "ఇంక మీరు కానివ్వండి."