కోర్దోబా తోలు

మా హైటెక్ సిటీ ఆఫీసులో నా పక్క సీటతను మెడలోని గుర్తింపు కార్డును ఎప్పుడూ చొక్కా జేబులో దాచేవాడు. ఇంటిపేరు పూర్తిగా అచ్చయింది ఆ కార్డు మీదే.

ఒకరోజు క్యాంటీన్‌లో, ఫ్రాన్స్ నుంచి వచ్చిన అతిథి తన ఇంటిపేరు ‘కోర్దోనియే’ చరిత్ర చెప్పాడు. స్పెయిన్‌లోని కోర్దోబా తోలుతో పనిచేసేవాళ్లకు ఆ పేరు వచ్చిందట. “మా తాతలు చెప్పులు కుట్టారు” అన్నాడు గర్వంగా. అందరూ చప్పట్లు కొట్టారు.

మేనేజరు నా పక్క సీటు మిత్రుడి వైపు తిరిగాడు. మియాపూర్‌లో అతను అద్దెకుంటున్న ఇల్లు ఆ మేనేజరుదే.

“ఏమయ్యా, అద్దె కాగితంలో కూడా పొడి అక్షరమే రాశావు. మీ ఇంటిపేరేంటి?”

అతని చెయ్యి జేబును గట్టిగా అదుముకుంది. “కాల్ ఉంది సార్” అంటూ లేచిపోయాడు.

వెంట వెళ్లి మందలించాను. “మీవాళ్లదీ అదే పని కదా! ఆ అతిథి తలెత్తుకుని చెప్పాడు. నువ్వు దాచుకుంటే కులం చస్తుందా?”

“జర మెల్లగ మాట్లాడన్నా! ఆయనకు చప్పట్లు కొట్టిండ్రు. నేను చెప్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటరు. పరీక్షల నడుమ బిడ్డను యాడికి తీస్కపోవాలె?”

కులం మీద ఎన్నో సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను.