పోస్ట్‌మాన్ ఏవల్డ్ ఆపిన ఉత్తరాలు

స్వీడన్ ఉత్తరాన అడవుల్లో చెదురుమదురుగా ఉన్న ముప్ఫై ఎనిమిది ఇళ్లకు ఏవల్డ్ పోస్ట్‌మాన్. పసుపు కారు, రోజుకు తొంభై కిలోమీటర్లు, పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. నడుము లోతు మంచు పడ్డా మధ్యాహ్నానికల్లా ఎవరి ఉత్తరం వాళ్ల పెట్టెలో ఉండేది. మాటల్లో పిసినారే గానీ, ఆయన పనికి వంక పెట్టినవాడు లేడు. అలాంటి మనిషి ఆ నవంబరులో దారి పొడవునా కారు ఆపి, నరికిన దుంగల గుట్టల చాటుకు వెళ్లడం మొదలుపెట్టాడు.

ఒంటికి వెళ్తే నిప్పు. చుక్కచుక్కకీ పళ్లు బిగబట్టాల్సిందే. పొద్దున లేచేసరికి లోదుస్తుల మీద చీము మరక. ఇలాంటిది వస్తే మా వైపు అందరూ ఒకటే అంటారు: చల్లటి బండ మీద కూర్చుని ఉంటావు, చలి కింద పట్టింది అని. ఏవల్డ్ కూడా అదే నమ్మాలని గట్టిగా ప్రయత్నించాడు. దుప్పి వేటకు పోయినప్పుడు తడి మొద్దు మీద కూర్చున్న సంగతి గుర్తు తెచ్చుకున్నాడు. కారు సీటు మీద తోలు పరిచాడు. పుల్లటి లింగన్ పళ్ల రసం సీసాలకు సీసాలు తాగాడు. తాగినకొద్దీ దుంగల చాటుకు పోవలసి వచ్చింది. తనను తాను మోసం చేసుకోవడంలో మగవాడికున్న తెలివి మరెందులోనూ ఉండదు. అక్టోబరులో కోస్తా పట్నానికి మూడు రోజుల ట్రైనింగుకు వెళ్లినప్పుడు తను ఎవరి గదిలో పడుకున్నాడో ఆయనకు తెలియదా?

దారిలో తెక్లా ముసలమ్మ ఇల్లు ఉంది. ఉత్తరం ఉన్నా లేకపోయినా పోస్ట్‌మాన్ అక్కడ కాఫీ తాగి వెళ్లాలి, అది రూలు.

"ఏరా ఏవల్డ్, పది రోజులుగా నా కాఫీ ముట్టడం లేదు. విషం కలిపానని ఎవడైనా చెప్పాడా?"

"కడుపు బాగాలేదు పెద్దమ్మా."

"కడుపు బాగాలేనోడు కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తాడట్రా? నేను నలుగురు మగపిల్లల్ని పెంచాను. నాకు చెప్పకు, పోయి డాక్టరుకి చెప్పు."

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. మర్నాడే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పరీక్ష చేయించుకున్నాడు. క్లమీడియా అనే సుఖవ్యాధి అని తేలింది. నర్సు గున్నెల్ పది రోజుల మాత్రలు చేతిలో పెట్టింది.

"పది రోజులూ మింగాలి. మంట తగ్గిందని మధ్యలో మానేశావంటే మళ్లీ మొదటికొస్తుంది. నెల పోయాక ఇంకోసారి పరీక్ష. అప్పటిదాకా ఆడదాని జోలికి పోకూడదు. ఇప్పుడు ఎవరెవరితో పడుకున్నావో పేర్లు చెప్పు."

పేర్లు చెప్పి తీరాలి, అది చట్టం. ట్రైనింగులో కలిసిన ఆవిడ పేరు చెప్పాడు. తర్వాత భార్య పేరు చెప్పాడు.

"ఆదివారం దాకా ఆగుతాను," అంది గున్నెల్. "మైవోర్‌కి నువ్వే చెప్పు. చెప్పలేదంటే సోమవారం నేనే ఉత్తరం పంపిస్తా, పరీక్షకు రమ్మని. అందులో నీ పేరుండదు."

"నా పేరు లేకపోతే మాత్రం ఏం లాభం? దానికి నేను తప్ప ఇంకెవరున్నారు?"

"ఆ మాట అక్టోబరులో గుర్తు రావాల్సింది. చూడు ఏవల్డ్, ఆడవాళ్లకి చాలామందికి ఏ నొప్పీ తెలీదు. జబ్బు లోపల్లోపలే తినేస్తుంది. గర్భనాళాలు మూసుకుపోయాయంటే ఇక పిల్లలు కష్టం. మీరు పిల్లల కోసమే కదా చూస్తున్నారు?"

రెండేళ్లుగా చూస్తున్నారు. మైవోర్ బడి వంటగదిలో పనిచేసేది. ముప్ఫై అయిదేళ్లు నిండాయి. వంటింటి గోడ మీద క్యాలెండరులో ప్రతి నెలా గర్భం నిలిచే నాలుగు రోజుల చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టేది. ఊరి పిల్లలందరికీ గంజి వడ్డించి వడ్డించి, తన ఇంట్లో ఒక్క గిన్నె అయినా పెట్టాలని ఆవిడ ఆశ.

ఆదివారం మాంసం కూరిన బంగాళాదుంప ఉండలు చేసింది. ఏవల్డ్ చెంచా కింద పెట్టి, "మైవోర్, నీతో ఒక మాట," అన్నాడు.

"ముందు నా మాట విను. ఈ నెల సున్నాలు సరిగ్గా క్రిస్మస్ పండగలో పడ్డాయి. నాకెందుకో ఈసారి గట్టి నమ్మకంగా ఉంది." ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఇంతకీ నువ్వేంటి, చెప్పు."

"ఏం లేదు. నడుం పట్టేసింది, కొన్నాళ్లు బరువులెత్తొద్దన్నారు."

"సున్నాల రోజుల్లోనే పట్టేయాలా నీ నడుం!" అని నవ్వేసింది.

బుధవారం ఉత్తరాలు విడదీస్తుంటే తన ఇంటి అర దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. తెల్ల కవరు. పంపినవాళ్ల పేరు లేదు. మైవోర్ పేరు మాత్రం టైపు చేసి ఉంది. పంతొమ్మిదేళ్లలో ఎన్నో చావుకబుర్లు, కోర్టు కాగితాలు, పెళ్లాలు వదిలేసి పోతూ రాసిన ఉత్తరాలు మోశాడు. ఒక్కటీ ఆపలేదు. ఇది మాత్రం చొక్కా లోపల పెట్టుకున్నాడు. కంచే చేను మేసిందంటే ఇదే. మాత్రలు అయిపోగానే చెబుతానని, తనకు పూర్తిగా తగ్గాక చెబితే ఆమెకు భయం తక్కువగా ఉంటుందని, ఏవేవో సర్దిచెప్పుకున్నాడు.

నాలుగో రోజుకు మంట తగ్గింది. ఆరో రోజుకు చీము ఆగింది. పదో రోజున కారు ఆపకుండా ముప్ఫై ఎనిమిది ఇళ్లూ తిరిగొచ్చాడు. ఆ సుఖంలో అసలు సంగతే మరిచిపోయినవాడిలా తయారయ్యాడు. రెండు వారాలకు రెండో ఉత్తరం వచ్చింది. మొదటిదానికి సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది, రెండోదాన్ని అదీ లేకుండా ఆపేశాడు. నన్నడిగితే, పట్నంలో చేసిన తప్పును క్షమించవచ్చు గానీ దీన్ని క్షమించలేం.

జనవరిలో పరీక్ష మళ్లీ చేశారు. జబ్బు ఆనవాలు లేదన్నారు. తెక్లా ముసలమ్మ ఇంట్లో రెండు కప్పుల కాఫీ తాగాడు.

ఆ శుక్రవారమే మైవోర్ బడి వంటగదిలో కడుపు పట్టుకుని కూలబడింది. ఒళ్లు కాలిపోతోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, చిన్న గాటు పెట్టి లోపలికి చూశారు. మూడో రోజున యువ డాక్టరమ్మ ఒకామె కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"మీతో ఒంటరిగా మాట్లాడాలి."

"మా ఆయనే కదా, ఉండనివ్వండి," అంది మైవోర్.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. జబ్బు పేరు చెప్పింది. రెండు నాళాలూ చీము పట్టి అతుక్కుపోయాయంది. పిల్లలు పుట్టే ఆశ దాదాపు లేదంది. తర్వాత కాగితం తిరగేసి, "మీకు రెండు ఉత్తరాలు పంపినట్టు ఇక్కడ రాసి ఉంది. అప్పుడే వచ్చి ఉంటే మాత్రలతో పోయేది. ఎందుకు రాలేదు?" అని అడిగింది.

"నాకు ఏ ఉత్తరమూ రాలేదు."

"అడ్రసు సరిగ్గానే ఉంది. దారిలో పోయి ఉంటాయేమో."

"పోవు డాక్టరుగారూ," అంది మైవోర్. ఆ నీరసంలోనూ ఆమె గొంతులో కాస్త గర్వం ఉంది. "మా ఊరి పోస్ట్‌మాన్ మా ఆయనే. ఆయన చేతిలో ఉత్తరం పోవడమన్నది జరగదు."

ఆ మాట అని మొగుడి వైపు చూసింది. ఏవల్డ్ తల ఎత్తలేదు. డాక్టరమ్మకు ఏదో అర్థమై బయటికి వెళ్లిపోయింది.

మైవోర్ అడిగింది. "నీకు తగ్గిందా?"

"తగ్గింది."

"పూర్తిగానా?"

"పూర్తిగా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఏవల్డ్ మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు ఎవరికీ అక్కరకు రాలేదు.

వాళ్లు విడిపోలేదు. ఆమె పోస్టాఫీసులో ఫిర్యాదూ చేయలేదు. ఏవల్డ్ రిటైరయ్యేదాకా ముప్ఫై ఏడు ఇళ్లకు ఉత్తరాలు పంచాడు. మైవోర్ మాత్రం దగ్గరి పట్నం పోస్టాఫీసులో తన పేర తాళం ఉన్న పెట్టె ఒకటి అద్దెకు తీసుకుని, వారం వారం బస్సెక్కి నలభై కిలోమీటర్లు పోయి తన ఉత్తరాలు తనే తెచ్చుకునేది.