చెవి చూసి పెట్టిన చాయ్

“మౌనికా! చెయ్యి! ఆ చెవి మీంచి చెయ్యి తియ్యమ్మా!”

మొన్న శుక్రవారం మా సెంటర్ వంటింట్ల హేమలత మేడం గిట్ల అరిచేటప్పటికే నా చెవి టమాట తీరు ఎర్రగైంది. స్టవ్ మీద గిన్నె. గిన్నె ముంగట ప్రదీప్ సార్. ఇప్పుడు ఆయన కడపల ఉన్నడు, నేను ఇంట్ల కూసొని చెవికి కొబ్బరినూనె రాసుకుంటున్న. ఎట్లయ్యిందో చెప్త, మీరు నవ్వుండ్రి. నాకైతే నవ్వొస్తలేదు.

మా సెంటర్ నల్లగండ్లల ఒక అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్ల ఉంటది. తలకు దెబ్బ తాకి దవాఖాన నుంచి బయటపడ్డోళ్ళు పొద్దున వ్యాన్ల వస్తరు, సాయంత్రం పోతరు. గుండీలు పెట్టుకునుడు, కూరగాయలు కొనుడు, చాయ్ పెట్టుకునుడు, అన్నీ మళ్ళ మొదటి నుంచి నేర్చుకుంటరు. నేను అక్కడ హెల్పర్. హెల్పర్ అంటే హెల్ప్ చెయ్యొద్దు! మేడం రూల్ అది. చేతులు వెనక్కి కట్టుకొని నిలవడాలె. వాళ్ళు ఆగిపోతే మనసుల పది లెక్కవెట్టాలె. పది దాటినంక “ఇప్పుడు ఏం చెయ్యాలె?” అని అడగాలె, అంతే. ఆఖరికి కాయితం మీద ఒక టిక్కు కొట్టాలె. ‘తానే చేసిండు’ గడిల, లేకుంటే ‘గుర్తు చేస్తే చేసిండు’ గడిల.

వినెటోళ్ళకు అల్కగ ఉంటది. మీరు నిలవడి చూడుండ్రి ఆ పది లెక్కలు!

ప్రదీప్ సార్‌ది కడప. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ల చేస్తుండె, బైక్ యాక్సిడెంట్ అయ్యింది. మాట మంచిగనే ఉంటది, నవ్వితే ఇంక మంచిగుంటడు. ఒక పని అయినంక ఇంకో పని ఏందో తోచదు, అదే కష్టం. సెంటర్ల అందరి పేర్లు మర్చిపోతడు గని నన్ను చూస్తె “మౌనిక గారూ” అని టక్కున అంటడు. ఇగ చూస్కోండి, లింగంపల్లిల ఆటో దిగి ఇంటికి పోయేదాక నా కాళ్ళు నేల మీద లేకుండె. నా మెడల ఇంత పెద్ద అక్షరాలతోని పేరు బ్యాడ్జి ఏలాడుతదన్న సంగతి ఎవ్వరన్న చెప్పాలె గదా!

ఆయనకు ఒక్కటే కోరిక. తన ఫ్లాట్ల తాను ఒక్కడే ఉండాలె. ఇంతకుముందు ఒకసారి గట్లనే ఉంటె, పాలు పెట్టి మర్చిపోయిండట, ఇల్లంత పొగ. అప్పటి సంది వాళ్ళక్క సుజాత గారు కడప నుంచి వచ్చి కావలి ఉంటున్నది. ఆమెది ఒక్కటే షరతు: “నా ముందర టీ పెట్టి గ్యాస్ ఆపు. నా పాటికి నేను పోతా. లేదంటే నువ్వే నాతో కడపకు రావాల.”

ఆరు వారాలు చాయ్ ప్రాక్టీస్ చేపిచ్చినం. నీళ్ళు, పొడి, చక్కెర, పాలు, అన్నీ మంచిగనే పోస్తడు. పొంగొచ్చే టైంకు ఆగిపోతడు. ఆయన మొఖం చూస్తె నాకు పానం కొట్టుకుంటది. ఒకటి, రెండు, మూడు... నేను మూడు దాటి ఏనాడు పోలే. మొదటి రోజు నా చెయ్యి చెవికి పోయింది. కమ్మ మర పట్టుకొని జర తిప్పిన, స్టవ్ నాబ్ తిప్పినట్టు. ఆయన చూసిండు. నాబ్ తిప్పిండు. గ్యాస్ బంద్!

“శభాష్ సార్!”

నవ్విండు చూడుండ్రి ఒక నవ్వు! ఆ నవ్వు మీదనే ‘తానే చేసిండు’ గడిల టిక్కు కొట్టేసిన. తెల్లారి అదే. ఆ తెల్లారి అదే. ఇంటర్ల ఇంగ్లిష్ పరీక్షకు నా దోస్తు స్లిప్పు అందిస్తె సూత ఫెయిలైన దాన్ని నేను. అయినా బుద్ధి రాలే.

ఇగ శుక్రవారం పరీక్ష. వాళ్ళక్క వస్తున్నది! అంటె నాకు... ఏం చెప్పాలె, నా లెక్కల ఆమె అప్పటికే ఆడబిడ్డ. ఆ పాత కమ్మలతోని ఎట్ల కనవడుత? లింగంపల్లి స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద బంగారు రంగు జుమ్కీలు కొన్న. అద్దంల చూసుకుంటె పెండ్లిపిల్లనే. సెంటర్‌కు పోయేసరికి దురద షురువైంది.

వాళ్ళక్క కుర్చీల కూసున్నది. మేడం కాయితం పట్టుకున్నది. సార్ పొయ్యి అంటిచ్చి నీళ్ళు పెట్టిండు. నా చెవి పీకుతున్నది. ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారి గోక్కున్న. ఆయన చూసిండు. టక్! బంద్ చేసిండు.

“పర్వాలేదండి, నిదానంగా కానివ్వండి,” అన్నది మేడం.

మళ్ళ అంటిచ్చిండు. మళ్ళ దురద. టక్! ఇంకోపారి. టక్!

“ఏందిరా, టీ పెడతాండావా, లైటు ఏసి ఆర్పుతాండావా?” అన్నది వాళ్ళక్క. అందరు నవ్విండ్రు. ఆయన సూత నవ్విండు. మేడం నా మీద అరిచింది అప్పుడే. చెవి ముట్టుకుంటె ఆయన ధ్యాస పోతదని అనుకున్నది పాపం.

నేను చేతులు వెనక్కి పెట్టి చున్నీతోని గట్టిగ కట్టుకున్న.

పొడి పడ్డది, చక్కెర పడ్డది, పాలు పడ్డయ్. పొంగు లేస్తున్నది. ఆయన ఆగిండు. నా చెవి దిక్కు చూసిండు. ఒకటి, రెండు, మూడు... నా నౌకరిల మొదటిసారి పది దాక లెక్కవెట్టిన. చాయ్ పొంగి మంట మీద పడ్డది, మంట ఆరింది, గ్యాస్ వాసన. మేడం ఉరికొచ్చి నాబ్ తిప్పింది. ఆయన ఇంక నా చెవి దిక్కే చూస్తున్నడు.

వాళ్ళక్క తిట్టలే. తిట్టినా మంచిగుండు. “ఆరు వారాలు బాగా చేసినాడంటిరి కదా మేడం? ఇప్పుడు ఇంకా ఎనక్కి పోతాండాడా?” అని అడిగింది.

మేడం నా టిక్కులన్నీ తిరగేసి చూసి, “అదే నాకూ అర్థం కావట్లేదండి. మళ్ళీ స్కానింగ్ తీయించాలేమో,” అన్నది.

సార్ గుడ్డ తీసుకొని స్టవ్ తుడుస్తున్నడు. “సారీ అక్కా. నేనే మర్చిపోయినా.”

మా సెంటర్ల అందరికి తలా ఒక నోట్‌బుక్ ఉంటది, ఏ పని ఎట్ల చెయ్యాల్నో ఎవరిది వాళ్ళే రాసుకుంటరు. వాళ్ళక్క ఆయనది తెరిచి పైకి చదివింది. “గిన్నె. నీళ్ళు. పొడి. చక్కెర. పాలు. మౌనిక గారి చెవి. గ్యాస్ ఆపాలి.” చదివి ఆగింది. “ఈ చెవి ఏంది మేడం?”

సిగ్గులేకుంట చెప్తున్న, ముందుగాల నా గుండె ఝల్లుమన్నది. నన్ను పుస్తకంల రాసుకున్నడు! పాలకు, గ్యాస్‌కు నడుమ అయితేంది, రాసుకున్నడు గదా! అప్పుడు తలెత్తి చూసిన. అక్క అడిగినదానికి జవాబు ఏం చెప్పాల్నో తెలుస్తదని, ఆయన మళ్ళ నా చెవినే చూస్తున్నడు.

చున్నీ ముడి ఇప్పుకున్న. జుమ్కీలు తీసి చేతిల పట్టుకున్న.

“ఆయన మర్చిపోలే మేడం. ఆయనకు రానే రాదు. గ్యాస్ ఒక్కనాడు సూత తానుగ ఆపలే, ఆ టిక్కులన్నీ నాయి. ఆరు వారాలు నేనే కాపీ కొట్టిపిచ్చిన.”