చంద్రమ్మ పట్టనన్న చెంచా

టేకుమట్ల దగ్గర ఆ పల్లెలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ముందు చంద్రమ్మకే కబురు వెళ్లేది. పోయేవాళ్ల నోట్లో చెంచాతో చివరి నీళ్లు పోయడానికి అయినవాళ్లు జంకితే, ఆమె పక్కన కూర్చుని పోయించేది. అత్తకు తానే పోసింది. పత్తి చేను గట్టు కోసం తనను నానా మాటలన్న పాలివాళ్ల ముసలమ్మకూ పోసింది.

అలాంటి మనిషి, భర్త బుచ్చయ్య మంచం దగ్గర మాత్రం చెంచా పట్టనని మొండికేసింది.

బుచ్చయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దయింది, మింగడం కష్టమైంది. ముక్కు గొట్టం తీసేసి దవాఖాన నుంచి ఇంటికి పంపారు. వారానికోసారి చూసిపోయే నర్సు స్వప్న గట్టిగానే చెప్పింది.

"ఉత్త నీళ్లు పొయ్యకవ్వా, ఊపిరితిత్తులల్లకు పోతయి. జావ చిక్కగ కాచి చెంచతోని జరంత జరంత పెట్టు."

చంద్రమ్మకు అంతా అయోమయం. నీళ్లు వద్దంటుంది, చెంచా పట్టమంటుంది, ఇదెక్కడి వైద్యం? మనిషి దక్కడని తెలిసి మెల్లగా చెబుతోందా? అడిగితే ఔనంటుందేమో! అందుకే నర్సు అటు పోగానే చెంచాను గూట్లో పడేసి, బతికే మనిషికిచ్చినట్టు గ్లాసుతోనే జావ తాగించింది. బుచ్చయ్యకు పొలమారింది. దగ్గి దగ్గి కళ్లు తేలేశాడు. ఇక పెడితే భయం, పెట్టకపోతే భయం. ఫోన్ చేస్తే స్వప్న ఉన్నపళంగా వచ్చింది, ఊపిరి చూసి కుదుటపడింది.

"చెంచ ఏదవ్వా?"

చంద్రమ్మ బావురుమంది. "జర నిజం చెప్పు బిడ్డా. మా ఇంటాయన పోతున్నడా? గందుకే చెంచతోని పొయ్యమన్నవా?"

స్వప్న తెల్లమొహం వేసింది. "అయ్యో, గిదా నీ పరేషాన్? పొయ్యేటోళ్లకు గాదవ్వా, బతికేటోళ్లకే గిన్ని తిప్పలు!"

బుచ్చయ్యను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, బాగున్న ఎడమవైపు అర చెంచా జావ పెట్టింది. గుటక పడేదాకా ఆగింది. "ఆ" అనమని, గొంతులో గరగర లేదని చూసుకుంది. తర్వాత చెంచా చంద్రమ్మ చేతికిచ్చింది. ఆమె అర చెంచా తీసి ఎడమవైపే పెట్టింది. సగం జావ గడ్డం మీదే పోయింది.

మిగతాది బుచ్చయ్య మింగాడు. వంకర పెదాలు కదిపి, "ఉప్పు... లేదు," అన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట అన్నప్పుడల్లా చంద్రమ్మ ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. బీపీకి ఉప్పు తగ్గించమన్న డాక్టరు మాట గుర్తొచ్చి, ఏం చేయాలో తోచక నర్సు వైపు చూసింది.

"చిటికెడంత ఎయ్యొచ్చా బిడ్డా?"