లేని దర్వాజా కింద

కర్నూలు కోట బయట దర్వాజాపేటలో ఖాసిం సాహెబ్‌ను ఎరగనివాళ్లు లేరు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడం ఆయన పని, మొహర్రానికి పెద్దపీరును ఎత్తడం ఆయన వంతు. ఆ వంతు తాతల నాటిది. పేట ఇంకా పాతది. దానికి పేరిచ్చిన దర్వాజాను దొరలు ఎప్పుడో కూలగొట్టి రాళ్లు తోలుకుపోయారు. అయినా పీర్లు ఏటికి పోయే రోజున, ఒకప్పుడు దర్వాజా ఉన్న చోటికి రాగానే, వెండి హస్తం ఉన్న ఆ పొడుగు కర్రను ఎత్తినవాడు కిందికి వంచుతాడు, వెనక నడిచేవాళ్లు తల వంచుతారు. పైన తగలడానికి ఆకాశం తప్ప ఏమీ లేదు. పేట జనం అంతే, పోయినవాటికి మర్యాద ఎక్కువ చేస్తారు.

పంతొమ్మిది వందల ముప్పయ్యొకటో సంవత్సరం వేసవిలో బస్సుల కోసం వీధి వెడల్పు చేస్తామని సర్వేయరు గొలుసు పట్టుకొని దిగాడు. దర్వాజా నిలిచిన జాగా సర్కారుదట, దాని మీద ఎవరేం కట్టుకున్నా తీసేస్తారట. అది ఎక్కడో చూపే పటం మాత్రం కచేరీలో దొరకలేదు. డప్పు కొట్టే సోమన్న ఉన్నమాట అనేశాడు, పీరు వంగే చోటే దర్వాజా అని. సర్వేయరు పండగ దాకా ఆగుతానన్నాడు.

అప్పటినుంచి ఖాసిం సాహెబ్ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. పీరు వంగేది సరిగ్గా ఆయన ఇంటి ముందర, కొలిమి పెట్టుకున్న వసారా దగ్గర. వసారా పోతే కొలిమి పోతుంది, కొలిమి పోతే ఇంట్లో పొయ్యి ఆరుతుంది. పని మధ్యలో లేచిపోయి వీధిలో అడుగులు కొలిచేవాడు. ఒకరోజు పొరుగింటి గిడ్డమ్మ కళాయికిచ్చిన బిందె నిప్పుల మీదే మాడిపోయింది. ఆమె పెట్టిన శాపనార్థాలు కూడా ఆయన చెవికెక్కలేదు.

చివరికి భార్య జులేఖా బీకి చెప్పాడు.

"ఆరడుగులు దాటినాంక వంచుతా. మన వసారా తప్పించుకుంటాది."

"పీరుకు తెల్దా?" అంది ఆమె.

"పీరుకు ఇల్లు లేదు. మనకుండాది."

ఆమె కాదనలేదు. తనే వెళ్లి వసారా అవతల సున్నంతో చిన్న గుర్తు పెట్టి వచ్చింది.

పండగనాడు ఎండ మాడుస్తోంది. సర్వేయరు సుద్ద పట్టుకొని గోడ నీడన నిలబడ్డాడు. వసారా రాగానే ఖాసిం సాహెబ్ నడుము దానంతటదే వంగబోయింది. పళ్లు బిగబట్టి నిటారుగా నడిచాడు. సున్నం గుర్తు దగ్గర పీరును నిండుగా వంచి, ఎత్తి, వెనక్కి తిరిగి చూశాడు.

పేటంతా వంగి ఉంది. వసారా ముందర, ఏటా వంగే చోటే. ఎవరూ పీరు వంక చూడలేదు, వాళ్ల కాళ్లకు ఆ చోటు తెలుసు. సోమన్న డప్పు మీదికి వంగాడు. నీళ్లబిందెతో నిలబడిన జులేఖా బీ, ఆ గుర్తు పెట్టిన మనిషే, ముసుగు సర్దుకొని తల వంచింది. తలెత్తి మొగుడి ముఖం చూశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సర్వేయరు వసారా అంచున గీత గీశాడు.

నెల తిరిగేలోపు వసారా పోయింది. ఖాసిం సాహెబ్ కొలిమితిత్తి భుజాన వేసుకొని ఊళ్లు తిరిగాడు. మరుసటి ఏడు పీరును ఎత్తమంటే తన చేతులు అందుకు తగవన్నాడు.

"నువ్వు కాకుంటే ఎవురెత్తుతారప్పా?" అన్నాడు సోమన్న.

ఎత్తాడు. ఆ చోటికి వచ్చి పీరును వంచి, తానూ మోకాళ్లు మట్టికి తగిలేదాకా వంగాడు. అక్కడ ఇప్పుడు దర్వాజా లేదు, వసారా లేదు. ఆయన లేచేదాకా పేటంతా వెనక అలాగే వంగి ఉంది.