కొసరుగా వచ్చిన రాజుగారు

సిడ్నీ ఆదివారం సంతలో నేను బేరమాడింది ఫ్రేము కోసం. దేవుడి పటానికి అచ్చంగా సరిపోయేలా ఉంది. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కొసరు లేకుండా సరుకు తెస్తే మావాళ్ళు గుమ్మం ఎక్కనివ్వరు. అందుకే లోపలి బొమ్మ కొసరుగా ఇమ్మన్నాను. అమ్ముతున్న ఫ్రెంచి ముసలావిడ నవ్వి, దాని కథ కూడా కొసరు వేసింది.

రాతి మీద గీసి అచ్చు తీసిన పాత వ్యంగ్యచిత్రం అది. వరసగా ఉన్న నాలుగు బొమ్మల్లో, ఒక్కో బొమ్మకీ బుగ్గలు జారి జారి, ఫ్రాన్సు రాజుగారి మొహం చివరికి బేరిపండైపోతుంది. గీసినవాణ్ణి కోర్టుకీడిస్తే, పోలిక నేరమైతే ముందు బేరిపళ్ళను పట్టుకోండని ఎదురు తిరిగాడట.

కథ విన్నాక ఆ బొమ్మ తీసెయ్యబుద్ధి కాలేదు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో మా అద్దె ఇంటి హాల్లో అలాగే తగిలించాను. అవి వై టూ కే రోజులు, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం హడలిపోతున్న రోజులు. నన్నూ, నా రూమ్మేటునీ ప్రోగ్రామర్లుగా ఇండియా నుంచి తెచ్చి, వీసా కాగితాలు గుప్పిట్లో పెట్టుకున్న ఏజెంటు అంకుల్ ప్రతి ఆదివారం తనిఖీకి వచ్చేవారు. ఆయన బుగ్గల సంగతి నేను చెప్పక్కర్లేదు, గోడే చెప్పేది.

ఆ వారం వస్తూనే గోడ ముందు ఆగిపోయారు.

"ఏంట్రా అది?"

"ఫ్రాన్సు రాజు అంకుల్."

"టేకిట్ డౌన్. న్యూ ఇయర్‌లో కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ అవ్వాలా, వద్దా?"

బేరంలో ముందు మాట అన్నవాడిదే నష్టమని కొట్లో నేర్చుకున్నాను.

"ఎందుకంకుల్? ఎవరిలాగైనా ఉందా?"

తనలా ఉందని ఆయనే ఎలా అంటారు? వంటింట్లో నా రూమ్మేటుకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

అంకుల్ గొంతు తగ్గించారు. "పోనీ నాకిచ్చెయ్‌రా. మండే ఎక్స్‌టెన్షన్ సైన్ చేసేస్తా. డీల్?"

ఇంటికొచ్చిన బేరాన్ని తిప్పి పంపిన చరిత్ర మా వంశంలో లేదు.

"కొసరుగా వచ్చింది అంకుల్. కొసరును అమ్ముకోవడం మా ఇంటావంటా లేదు."

జనవరిలో కంప్యూటర్లేవీ ఆగలేదు. నా కాంట్రాక్టే ఆగింది. వీసా గడువు అంచుకొచ్చాక మెల్‌బోర్న్‌లో ఇంకో కంపెనీ తీసుకుంది. అక్కడ అద్దె ఇల్లు చూపిస్తూ ఓనరు, గోడలకి మేకులు కొట్టకూడదన్నాడు. బుద్ధిగా తలూపాను. తాళం చేతికి రాగానే, పక్కింటికి వెళ్ళి సుత్తి అడిగాను.